ఎడమచేత్తో రాసేంత సేపు

మొన్న సాయంత్రం వార్తలు చదివే పిల్ల ఆయన చావును ఒక్క ఊపిరిలో చదివేసింది. పేరు, అనారోగ్యం, కన్నుమూశారు. ఆ వెంటనే క్రికెట్. మధ్యలో గుటక మింగినంత సందు కూడా లేదు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టేలోపల ఆయన కథ అయిపోయింది, ఎవడో బ్యాటు పట్టుకుని ఉరుకుతున్నాడు.

మా అల్లుడు అక్కడే కూర్చుని ఉన్నాడు.

“ఎవలత్తా, గా సప్పిడాయననా? ఇంకా బతికే ఉండెనా ఇన్నొద్దులు?” అన్నాడు.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే ఇది చెబుతున్నాను, నా బిడ్డ రాస్తోంది. నాకూ రాయడం వచ్చు. నేను రాస్తే మాత్రం వచ్చే పంట దాకా పడుతుంది.

ఆయన పేరు చెప్పను. చెప్పినా మీకు గుర్తుకు రాదు. పదేళ్ళు ప్రతి గురువారం సాయంత్రం మన ఇళ్ళలోకి వచ్చి పోయినా, బజారులో ఎదురైతే ఏ బడి గుమాస్తానో అనుకుని పక్కకు జరిగే మొహం ఆయనది. నవ్వితే నవ్వినట్టు ఉండదు, నవ్వకపోతే కోపం వచ్చినట్టూ ఉండదు. నూనె పెట్టి అణచిన జుట్టు. జేబులో ఒక పెన్ను. ఎప్పుడూ అదే చొక్కా. మా నలుపు తెలుపు టీవీలో ఆ చొక్కా ఏ రంగో మాకు తెలిసేది కాదు. పచ్చదని సుగుణక్క, కాదు నీలం అని ఇంకొకామె. తరువాత కరీంనగర్‌లో కళ్ళారా చూశాను. అది నిజంగానే బూడిద రంగు.

ఆయన పని ఏమిటంటే, జనం రాసిన ఉత్తరాలు చదవడం, పక్కన కూర్చున్న పెద్దమనిషిని అడిగి జవాబు చెప్పించడం. ఒక వారం డాక్టరు, ఒక వారం వకీలు, ఒక వారం విత్తనాల ఆఫీసరు. ఆ తరువాత సినిమా పాటలు వచ్చేవి. మా మందమర్రి కాలనీలో జనమంతా ఆ పాటల కోసమే ముందుగా వచ్చి చోటు పట్టుకునేవారు. ఆయన్ను భరించేవారు. పెళ్ళిలో వంటలు దిగేదాకా మంత్రాలు విన్నట్టు వినేవారు.

మా లైనులో టీవీ ఒక్క పోశెట్టి బావ క్వార్టర్‌లోనే ఉండేది. ఆయన బాయి మీద హాలేజీ, అంటే బొగ్గు తొట్లను లాగే యంత్రం, నడిపేవాడు. బాయి అంటే మా దగ్గర బొగ్గుగని. ఆయన భార్య సుగుణక్క. నాకు మిషన్ బడిలో రెండో తరగతి దాకా తోడు చదువుకున్న మనిషి. ఆమె చదువు ఇంకా ముందుకు పోయింది, నాది కలుపు తీతకు పోయింది.

టీవీ ఆయనవి మూడే మాటలు. మంచి జవాబు వచ్చినా, చెడ్డ జవాబు వచ్చినా, “మంచిదండీ.” పెద్దమనిషి పెద్ద మాటలు మాట్లాడితే, “నాకు అర్థం కాలేదండీ, ఇంకోసారి చెప్పండి.” చివరన, “రాసుకోండి.”

ఈ మూడు మాటలూ మా కాలనీలో నవ్వులాటకు పనికొచ్చాయి. పెళ్ళాం కిరోసిన్ తెమ్మంటే మొగుడు “నాకర్థం కాలేదండీ” అనేవాడు. మా ఆయన అయితే అచ్చం ఆయనలాగే మెడ ముందుకు పెట్టి, కళ్ళు సగం మూసి చేసి చూపించేవాడు. నేనూ నవ్వాను. దాచను.

ఒకసారి పిల్లలకు విరేచనాలైతే ఏం చేయాలో డాక్టరు చెబుతున్నాడు. ఒక గ్లాసు నీళ్ళు, చిటికెడు ఉప్పు, చెంచా చక్కెర అన్నాడు. ఆయన అడిగాడు:

“గ్లాసంటే ఏ గ్లాసండీ?”

“గ్లాసంటే గ్లాసేనండి, మంచినీళ్ళ గ్లాసు.”

“చాయ్ గ్లాసు కాదు కదండీ?”

“కాదు కాదు.”

“స్టీలుది, పెద్దది. అంతే కదండీ?”

“అంతే.”

“మంచిదండీ.”

మొగవాళ్ళంతా కడుపు పట్టుకుని నవ్వారు. పోశెట్టి బావ, “రేపు నీళ్ళంటే ఏ నీళ్ళండీ అని అడుగుతడు సూడు” అన్నాడు. ఆడవాళ్ళం నవ్వలేదు. చాయ్ గ్లాసు నీళ్ళలో పెద్ద గ్లాసుకు వేసే ఉప్పు పడితే పసిపిల్ల గతి ఏమవుతుందో మాకు తెలుసు. ఆ గదిలో ఏ గ్లాసు అని తెలియనివాళ్ళం సగం మందిమి ఉన్నాం. అడగడానికి సిగ్గుపడేవాళ్ళం అందరమూ ఉన్నాం. ఆ సిగ్గును ఆయన తన నెత్తిన వేసుకున్నాడని ఆ రోజు కొంచెం అర్థమైంది.

ఇంక “రాసుకోండి” సంగతి. ఆ మాట అన్నాక అడ్రసు ఒకసారి మెల్లగా చదివేవాడు. చదివి తల కిందికి వంచి ఆగిపోయేవాడు. నోరు కదలదు, తల కదలదు. మళ్ళీ తలెత్తి అదే అడ్రసు రెండోసారి చదివేవాడు. ఆ ఆగడం ఎంత సేపంటే, పోశెట్టి బావ ప్రతిసారీ టీవీ ఆగిపోయిందనుకునేవాడు. బయటికి ఉరికి, ఇంటి వెనక యాంటెన్నా కట్టిన ఇనుప పైపును రెండు చేతులా పట్టుకుని తిప్పేవాడు.

“వచ్చిందా?”

“పోయింది.”

“ఇప్పుడు?”

“ఇంకా పోయింది.”

లోపల తెరంతా జొన్నపిండి చల్లినట్టు అయ్యేది. మళ్ళీ బొమ్మ కుదిరేసరికి ఆయన రెండోసారి చదవడం అయిపోయి, “మంచిదండీ” అంటూ చేతులు జోడిస్తుండేవాడు. “సూసినవా, తిప్పితే వచ్చింది” అని పోశెట్టి బావ మీసం సవరించుకునేవాడు. ఎన్ని వారాలు చూసినా ఆయనకు అది గాలి చేసే పనే. మనిషి కావాలని ఆగుతాడని ఆయన బుద్ధికి తట్టలేదు. మా ఎవరికీ తట్టలేదు. మా కోసం ఎవరైనా ఆగిన అలవాటు మాకు లేదు.

మా ఆయన ఒకరోజు పొద్దుటి షిఫ్టుకు బాయిలోకి దిగాడు. బండ పడింది. ఇంతవరకే చెబుతాను.

మూడో నెలలో ఖానాపూర్ దగ్గర మా అత్తగారి ఊరి నుంచి మా మరిది వచ్చాడు. ఇద్దరు పెద్దమనుషులను వెంట తెచ్చాడు. మనిషి బాయిలో పోతే ఇంట్లో ఒకరికి కంపెనీ ఉద్యోగం ఇస్తుంది. ఆ ఉద్యోగం నా మరిదికి ఇవ్వడం నాకు సమ్మతం అని రాసిన స్టాంపు కాగితం తెచ్చాడు.

“వదినె, బాయి కాడ మొగోళ్ళ నడుమ నువ్వేం జేస్తవ్? నీకు, నీ బిడ్డకు ఇంత ముద్ద మేం పెడ్తం. ఫికర్ చెయ్యకు. సోమారం ఆఫీసుకు వచ్చి ఏలుముద్ర వెయ్యి” అన్నాడు.

“నాకు పేరు రాయొస్తది” అన్నాను.

“నువ్వు రాసేవరకు పొద్దుగూకుతది. ఏలు పెడితే జల్ది అయితది” అన్నాడు. పెద్దమనుషులు నవ్వారు.

ముద్ద పెట్టే చెయ్యి ముందు నీ మొహం చూస్తుంది, తరువాత నీ పళ్ళెం చూస్తుంది. అది నాకు తెలుసు. మా అవ్వ బతుకంతా అలాంటి ముద్ద తిన్నది. కానీ ఉద్యోగం భార్య అడగవచ్చునా, అడిగితే ఎవరిని అడగాలి, కాదంటే కులంలో ఏమవుతుంది, ఇవేవీ నాకు తెలియదు. సోమవారానికి నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజుల్లో నా బతుకూ నా బిడ్డ బతుకూ ఒక బొటనవేలు కిందికి పోతాయన్నది మాత్రం తెలుసు.

ఆ రోజు గురువారం. మొగుడు పోయిన ఆడది ఏడాది దాకా పరాయి గడప తొక్కకూడదని మా దగ్గర కట్టు. సుగుణక్క ఏమీ అనకుండా వెనక కిటికీ రెక్క తీసి పెట్టేది. నేను వాళ్ళ బట్టలుతికే బండ పక్కన నిలబడి కిటికీలోంచి చూసేదాన్ని. ఆ రోజు కూడా అక్కడే ఉన్నాను. చేతిలో నా బిడ్డ పలక ఉంది. బిడ్డ పక్కన బండ మీద బలపంతో గీతలు గీస్తూ ఆడుకుంటోంది.

ఆయన ఒక ఉత్తరం తీశాడు. ఎక్కడో ఫ్యాక్టరీలో మొగుడు చనిపోయిన ఆమె రాయించినది. ఉద్యోగం నాకు కావాలి, మా బావగారు తనకు కావాలంటున్నారు, ఏం చేయాలి అని. నేను కిటికీకి ఇంకా దగ్గరగా జరిగాను.

పక్కన వకీలు ఉన్నాడు. ఆశ్రితులనీ, ప్రథమ ప్రాధాన్యమనీ, సమ్మతి పత్రమనీ ఏదో చెప్పుకుంటూ పోయాడు. నాకు ఒక్క ముక్క అందలేదు. అందనే లేదనుకుని పలక పట్టిన చెయ్యి కిందికి జారుతుంటే ఆయన అన్నాడు:

“నాకు అర్థం కాలేదండీ, ఇంకోసారి చెప్పండి. ముందు ఎవరిని అడుగుతారు?”

“భార్యనే అడగాలండి.”

“ఆమె చదువుకోలేదనుకోండి. ఎవరో కాగితం తెచ్చి వేలిముద్ర వేయమన్నారు.”

“చదివి వినిపించకుండా వేయకూడదు.”

“వినిపించారు. ఆమెకు ఇష్టం లేదు.”

“అయితే వేయనక్కర్లేదు.”

“అంటే, వద్దనవచ్చా అండీ?”

“అనవచ్చు.”

“ఇంకోసారి చెప్పండి.”

వకీలుకు విసుగు వచ్చింది. “ఆమె వద్దనవచ్చునండీ” అని గట్టిగా అన్నాడు.

“మంచిదండీ. కరీంనగర్‌లో ఇలాంటివి ఉచితంగా చెప్పే వకీళ్ళున్నారు. అడ్రసు చెబుతాను. రాసుకోండి.”

నేను బిడ్డ చేతిలోంచి బలపం లాక్కున్నాను. అది ఏడ్చింది. ఆయన ఒకసారి చదివాడు. ఉచిత న్యాయ సహాయ కార్యాలయం. నా చెయ్యి ‘ఉచిత’ దగ్గరే ఉంది. ఆయన తల వంచి ఆగాడు. నేను రాస్తున్నాను. అప్పుడు లోపల కుర్చీ చప్పుడైంది. పోశెట్టి బావ లేచాడు. వెనక తలుపు తీసుకుని వచ్చి నా పక్కనుంచే పోయి పైపును రెండు చేతులా పట్టుకున్నాడు.

మూడు నెలలుగా నేను గొంతెత్తి మాట్లాడలేదు. ఏడ్చి ఏడ్చి ఆ గొంతు అప్పటికే పగిలి ఉంది. ఇప్పటికీ అలాగే ఉంది.

“బావా, పైపు ముట్టకు.”

“టీవీ పోయిందే...”

“పోలే. ఆయన ఆగిండు. నాకోసం ఆగిండు. ముడితే నీ చెయ్యి ఇరగ్గొడ్త.”

కిటికీలోంచి ఇరవై తలలు నా వైపు తిరిగాయి. పోశెట్టి బావ చేతులు పైపు మీదినుంచి తీసి, కాలినట్టు లుంగీకి తుడుచుకున్నాడు. లోపల ఆయన తలెత్తి రెండోసారి చదివాడు. ‘కార్యాలయం’లో ‘ర్యా’ దగ్గర నా చెయ్యి ఆగింది. మిగతాదంతా పలక మీదికి దిగింది.

మరునాడు మా బిడ్డను సుగుణక్క దగ్గర వదిలి కరీంనగర్ బస్సెక్కాను. పలకను తువ్వాలలో చుట్టి, అక్షరం చెరగకుండా ఒళ్ళో పెట్టుకున్నాను. కాగితం మీదికి ఎక్కించుకోవచ్చు కదా అని మీరంటారు. ఎక్కించడంలో తప్పు పోతే? ఆయన ఆగినప్పుడు రాసిందే నిజమైనది.

ఆ ఆఫీసులో ఒక వకీలమ్మ ఉంది. పలక చూసి, “టీవీ సూసి వచ్చినవా? పొద్దుగాల నుంచి నువ్వు మూడో ఆమెవు” అంది. ఆ మాట నాకు అన్నం పెట్టినట్టు అయింది. నాలాగే ఇంకా ఇద్దరు రాసుకున్నారన్నమాట. ఏ దర్వాజా చాటు నుంచో, ఏ కిటికీ పక్కనుంచో. వకీలమ్మ నా పేరు మీద దరఖాస్తు రాసింది. సంతకం చోటు ఖాళీగా ఉంచింది. “నీ పేరు నీకొస్తది గదా. ఆడ్నే, అందరి ముందట చెయ్యి” అంది.

సోమవారం కంపెనీ ఆఫీసులో మా మరిది కాగితం బల్ల మీద పెట్టాడు. గుమాస్తా సిరా డబ్బా మూత తీసి, “వేలు పెట్టమ్మా” అన్నాడు.

“సదువుండ్రి” అన్నాను.

చదివాడు.

“నాకు అర్థం కాలే. ఇంకోసారి సదువుండ్రి.”

వెనక లైనులో ఎవరో కిసుక్కుమన్నారు. “టీవీ ఆయన వచ్చిండు రో” అన్నారు. గుమాస్తా ఇంకోసారి చదివాడు. మూడోసారి కూడా చదివించాను. భర్తను కోల్పోయిన నేను, నా ఉద్యోగ హక్కును నా ఇష్టపూర్వకంగా, అని మూడోసారి ఆ గదిలో వినపడేసరికి పెద్దమనుషులు కిటికీ బయటికి చూడసాగారు. మా మరిది చెప్పుల వైపు చూశాడు.

“నాకు ఇష్టం లేదు” అన్నాను. కొంగులోంచి నా దరఖాస్తు తీశాను.

“సరే, ఇందులో అయినా వేలు పెట్టు, లైను ఉంది” అన్నాడు గుమాస్తా.

“పేరు రాస్త. జర ఆగుండ్రి.”

ఆగారు. లైనంతా ఆగింది. నా పేరులో అయిదక్షరాలు. చెమట పట్టింది, పెన్ను రెండుసార్లు జారింది, ఎవరో దగ్గారు. అయిదూ రాసి లేచాను.

మా మరిది పదేళ్ళు మా ఇంట్లో నీళ్ళు ముట్టలేదు. నాకు ఒక చెంబు కడిగే పని తప్పింది.

నాకు లాంప్ రూంలో ఉద్యోగం వచ్చింది. బాయిలోకి దిగేవాళ్ళు నంబరు బిళ్ళ ఇస్తే, తలకు పెట్టుకునే దీపం ఇచ్చే చోటు అది. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

కొన్నాళ్ళకు టీవీవాళ్ళు కరీంనగర్‌లో ఒక కాలేజీ హాలులో కార్యక్రమం పెట్టారు. చూసేవాళ్ళను రమ్మన్నారు. సెలవు పెట్టి పోయాను. హాలు సగం ఖాళీ. అయిపోయాక వెనక నల్లా దగ్గర ఆయన చాయ్ గ్లాసు తానే కడుగుతున్నాడు. పోయి నమస్తే పెట్టాను. పలక సంగతి, వేలిముద్ర సంగతి, ఉద్యోగం సంగతి చెప్పాను. ఏడవకుండా చెప్పాలనుకున్నాను. ఏడ్చాను.

ఆయన అంతా విన్నాడు. “మంచిదండీ” అన్నాడు.

అంతే. చేతులు పట్టుకోలేదు, నెత్తి మీద చెయ్యి పెట్టలేదు. నాకు ఒక్క నిమిషం మనసు చివుక్కుమంది. ఇంత చెబితే ఇంతేనా అనిపించింది. అప్పుడు ఇంకోటి అడిగాను.

“సారూ, రాసుకోండి అని తల కిందికి ఏస్తరు గదా. అప్పుడేం జేస్తరు?”

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. సంచిలోంచి ఒక నోటు పుస్తకం తీసి చూపించాడు. నిండా అడ్రసులే. ఎగుడుదిగుడు అక్షరాలు, నా రాత కంటే అధ్వానం.

“నేను కూడా రాస్తానమ్మా. బల్ల కింద. కుడిచేత్తో రాస్తే నాది తొందరగా అయిపోతుంది. అందుకని ఎడమచేత్తో రాస్తాను. నాది అయిపోతే ఇళ్ళలో వాళ్ళది కూడా అయిపోయి ఉంటుందని ఒక లెక్క.”

“మీ పెద్దసార్లు ఏమనరా?”

“అంటారు. ఎందుకయ్యా అంత సేపు ఆగుతావు అంటారు.”

“మీరేమంటరు?”

“అర్థం కాలేదండీ, ఇంకోసారి చెప్పండి అంటాను.”

ఆయన హాస్యమాడినట్టు ఉంది. మొహం చూస్తే మాత్రం తెలియలేదు.

“మీ లెక్క సరిపోలే సారూ” అన్నాను. “నేను ‘ర్యా’ కాడ ఆగిపోయిన.”

ఆయన నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. ఆ పుస్తకంలోనే ‘ర్యా’ అని రాశాడు. చాలా సేపు పట్టింది. “నిజమేనమ్మా, ఇది కష్టం” అన్నాడు.

ఆ వచ్చే గురువారం ఆయన ఇంకొంచెం ఎక్కువ సేపు ఆగాడు. పోశెట్టి బావ రెండుసార్లు లేచి, నా మొహం చూసి రెండుసార్లు కూర్చున్నాడు.

తరువాత ఎప్పుడో ఆయన్ను మార్చేశారు. కోటు వేసుకున్న ఒక పిల్లగాడు వచ్చాడు. మంచి అందగాడు. “రాసుకోండి” అని తానే ఉరికేవాడు. “అడ్రసు చెప్పిండానే?” అని సుగుణక్క అడిగితే, “చెప్పిండట” అనేదాన్ని. పోశెట్టి బావకు యాంటెన్నా తిప్పే పని తప్పింది. కార్యక్రమం హుషారుగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. ఎవరూ ఏమీ రాసుకోలేదు.

చప్పిడి మనిషి అంటారా. అనండి. జ్వరం తగిలి లేవలేని నాడు మీ నోటికి కారం అందిస్తారా, చప్పిడి గంజి అందిస్తారా? ఆ గంజి తాగి లేచిన మనిషిని నేను. లేచాక గంజిని వెక్కిరించను. లాంప్ రూం కిటికీ దగ్గర కొత్తగా దిగేవాళ్ళకు నంబరు రెండుసార్లు చెప్పి, తల వంచుకుని ఆగుతాను. పాతవాళ్ళు, “ఏందక్కా, సప్పిడిగ ఆగినవ్” అంటారు. “నీకోసం గాదు, నువ్వు నడువ్” అంటాను.

మొన్న ఆ వార్త అయిపోగానే నేను లేచి టీవీ బంద్ చేశాను.

“అత్తా, మ్యాచ్ ఉన్నది” అన్నాడు మా అల్లుడు.

“ఆగు.”

“ఎంత సేపు?”

నేను గూట్లోంచి కాగితం తీశాను. పెన్నును ఎడమచేతిలోకి మార్చుకున్నాను. ఆయన పేరు పెద్దదేమీ కాదు, మూడక్షరాలు, ఒక వత్తు. మా అల్లుడు గడియారం చూశాడు, నా బిడ్డ వైపు చూశాడు. అది అతని వైపు చూడలేదు, తల వంచుకుని కూర్చుంది. మొదటి అక్షరం వంకరగా వచ్చింది. రెండోది గీత దాటి పోయింది. వత్తు దగ్గర చెయ్యి ఆగింది.

ఆగితే ఆగిందని, మెల్లగా రాశాను.